ఖాళీ గుటక

మేడ్చల్ రోడ్డు మీద జహేదాతో నోరు పెట్టుకుని గెలిచినవాళ్ళు లేరని పద్మమ్మ పదిమందికీ చెప్పుకునేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. పద్మమ్మదే పెద్ద నోరు, ఆమె ఇంకొకరి నోటిని మెచ్చుకోవడమేమిటని. కానీ ఆమె గాలి కబుర్లు చెప్పే మనిషి కాదు. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున కళ్ళారా చూసింది కనుకనే చెప్పేది.

జహేదా జొన్నరొట్టెలు చేసి అమ్మేది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు పక్కన, కొత్త కాలనీ గేటుకు కాస్త అవతల ఆమె పొయ్యి. పొయ్యి మీద నల్లటి ఇనుప పెంక. పక్కన మూత ఉన్న డబ్బాలో పచ్చిమిర్చి తొక్కు. ఆ తొక్కు నూరేది పద్మమ్మ. ఊళ్ళో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యన నడుమెత్తు గోడ. రొట్టె ఆమెది, తొక్కు ఈమెది. ఎవరి సరుకు వల్ల ఎవరి సరుకు అమ్ముడుపోతోందన్న సంగతి ఇరవై ఏళ్ళుగా తేలలేదు. తేల్చుకోవాలని ఇద్దరికీ లేదు.

ఆ పొద్దున కాలనీ సంఘం కార్యదర్శి యజ్ఞనారాయణ ఇంకో ఇద్దరిని వెంటేసుకుని నడక ముగించుకుని వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. మాట మెత్తన. ఆ మెత్తటి మాటతోనే, పొగ ఇళ్ళలోకి వస్తోందనీ, ఆరేసిన బట్టల మీద మసి పడుతోందనీ, వారంలోగా పొయ్యి ఎత్తేయకపోతే పైవాళ్ళకు కాగితం పెట్టక తప్పదనీ చెప్పాడు.

పద్మమ్మ అప్పటికే కొంగు బిగించింది. జహేదా మాత్రం పెంక వైపు వంగింది. పెంక మీద పొంగుతున్న రొట్టెను తీసి, ఒక ముక్క తుంచి, దాని మీద తొక్కు రాసి ఆయన చేతిలో పెట్టింది.

“ముందుగాల తినుండ్రి సార్. కొట్లాట యాడికి పోదు,” అన్నది.

మర్యాద తెలిసిన మనిషి. నవ్వుతూ పెట్టిన తిండిని కాదనలేక నోట్లో వేసుకున్నాడు. అక్కడే ఓడిపోయాడు. జొన్నరొట్టె ఇడ్లీ కాదు జారిపోవడానికి. నమలాలి, ఉమ్మి ఊరాలి, ముద్ద కావాలి, అప్పుడు గాని గొంతు దిగదు. ఆయన దవడలు ఆడిస్తున్నంతసేపూ జహేదా పిండి తడుతూనే, గొంతు పెంచకుండా, ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. మీ కాలనీ ద్రాక్షతోటగా ఉన్ననాడే ఈ పొయ్యి ఇక్కడుంది. మీ గోడలు లేపిన మేస్త్రీలు ఈ రొట్టె తినే లేపారు. పొద్దుటి గాలి మీ దిక్కు రాదు, చెరువు దిక్కు పోతుంది, కావాలంటే చిటికెడు బూడిద ఎగరేసి చూసుకోండి. పదకొండు కొట్టేసరికి పొయ్యి ఆర్పేస్తాను, మీ ఇళ్ళలో బట్టలారేసేది ఆ తరువాతే.

ఆయన చెయ్యెత్తాడు. తల అడ్డంగా ఊపాడు. నోరు తెరవబోయి, ఎదుట ఆడవాళ్ళున్నారని మళ్ళీ మూసుకున్నాడు. తొక్కు కారం కళ్ళలోకి ఎక్కింది. ముద్ద దిగి మాట వచ్చేసరికి, వెంట వచ్చిన ఇద్దరూ చెరో నాలుగు రొట్టెలు కట్టించుకుంటున్నారు. చివరికి నీళ్ళు తాగి, పోనీ పదడుగులు వెనక్కి జరపమ్మా అన్నాడు. జహేదా మూడడుగులు జరిపింది. మర్నాటి నుంచి ఆయన కూడా రెండు రొట్టెలు పట్టుకుపోసాగాడు.

ఇంటికొచ్చాక గోడ మీద మోచేతులు ఆనించి పద్మమ్మ అడిగింది, ఆ ఉపాయం ఎవరు నేర్పారని.

“ఉపాయమేంది అక్కా. నోట్ల ముద్ద ఉన్నోనికి మాట రాదు. గంతే,” అన్నది జహేదా.

రెండో తరగతితో బడి మానేసిన పద్మమ్మకు ఆ మాట ఏ బడిలో చెప్పిన పాఠం కన్నా బాగా తలకెక్కింది. అది ఎంత నిజమో మాత్రం పోయిన ఏడు దాకా తెలియలేదు.

పోయిన ఏడు ఎండలు మొదలవుతున్న రోజుల్లో, పెంక ముందు కూర్చున్న జహేదాకు భూమి గిర్రున తిరిగింది. వాంతి అయింది. పైత్యం అనుకుని పద్మమ్మ నీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు గొంతులోకి పోలేదు, ముక్కులోంచి బయటికి వచ్చాయి. ఏమైందే అంటే పలికిన గొంతు జహేదాది కాదు, తడిసిన డప్పులా ఉంది. కూరగాయల ఆటో నడిపే కొడుకు మునావర్‌కు కబురుపెడితే అదే ఆటోలో తల్లిని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

మెదడు కింది భాగంలో, మెడ మొదలయ్యే చోట ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కాళ్ళూ చేతులూ దక్కాయి, కాస్త తూలు తప్ప. దెబ్బంతా గొంతు మీద పడింది. కుడి పక్క గొంతు కండలకు మెదడు చెప్పే మాట చేరడం లేదు. ఉమ్మి కూడా మింగలేదు. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, మూడు వారాలకు ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన నెలకు జహేదా మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుంది. చేతులు బాగానే ఉన్నాయి కదా. ముక్కుకు గొట్టం, చెంపకు తెల్లటి పట్టీ, చేతుల్లో రొట్టె. కొనేవాళ్ళు చూడనట్టే చూసేవాళ్ళు. పక్కన ఒక గ్లాసు పెట్టుకుని, నోట్లో ఊరిన ఉమ్మిని దాంట్లో ఉమ్ముకుంటూ, ఊరందరికీ తిండి చేసేది. తనకు మాత్రం కోడలు ఆతియా పూటపూటకు గొట్టంలో పాలూ జావా పోసేది. కడుపు నిండేది, నోరు ఎండేది.

“రోజా ఉపాసం అయితే పొద్దుగూకంగనే ఖతమైతది అక్కా,” అన్నది ఒకనాడు బొంగురు గొంతుతో. “గీ రోజా ఎప్పుడు ఖతమైతది?”

పద్మమ్మ ఆ ఉమ్మి గ్లాసు తీసుకుపోయి కడిగి తెచ్చి పక్కన పెట్టింది.

ఆస్పత్రివాళ్ళు పంపితే మింగడం నేర్పే పిల్ల ఒకతె రావడం మొదలుపెట్టింది. పేరు నవ్యశ్రీ. తల్లిదండ్రులది భీమవరం దిక్కు, కొంపల్లిలో ఇల్లు. స్కూటీ మీద వచ్చేది. మింగడం కూడా ఒకరు నేర్పాలా, పుట్టిన బిడ్డకు ఎవరు నేర్పారు అని పద్మమ్మ మొదటి రోజే మొహం మీద అడిగింది. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి గొంతు బొమ్మ తీసి మంచం మీద పరిచింది. మనిషిని నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో ఆ బొమ్మలో ఉంది.

ఒక్క గుక్క మింగడానికి ఇంచుమించు ముప్పై జతల కండలు కలిసి పని చేయాలట. అదీ ఒక్క సెకనులో. నాలుక ముద్దను వెనక్కి తోసేదాకే మన చేతిలో ఉంటుంది, ఆ తరువాత దానంతటదే జరిగిపోవాలి. అంగిలి వెనక మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారి మూస్తుంది. అది లేవకనే ఆనాడు నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. నాలుక మొదట్లో గుర్రపు లాడం లాంటి చిన్న ఎముక ఉంటుంది. ఒంట్లోని ఎముకలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటే అది ఒక్కటే ఏ ఎముకకూ అతకదు. పైనుంచి కొన్ని కండలు, కిందినుంచి కొన్ని కండలు పట్టుకుంటే మధ్యన వేలాడుతుంది.

“ఉట్టి,” అన్నది పద్మమ్మ.

నవ్యశ్రీ ఒక క్షణం ఆలోచించి, అవునండీ ఉట్టే అన్నది. పై తాళ్ళు లాగితే ఉట్టి లేస్తుంది, ఉట్టితోపాటు, గొంతు మీద బుడిపెలా కనబడే మాటపెట్టె లేస్తుంది. మాటపెట్టె లేచి ముందుకు జరిగితేనే గాలి గొట్టం మీద మూత పడుతుంది, లోపలి రెండు తలుపులు మూసుకుంటాయి. ఆ తలుపులే మాట పలికేవి. అందుకే మింగేటప్పుడు మాట్లాడకూడదు. తలుపు ఒక్కటే, దానికి పనులు రెండు.

గొంతు వెనక గోడలో మూడు కండలు, ఒకదాంట్లో ఒకటి పెట్టిన గిన్నెల్లా ఉంటాయి. పైది బిగిసి, తరువాత నడిమిది, తరువాత కిందిది, ముద్దను కిందికి నెడతాయి. బర్రె పొదుగును పైనుంచి కిందికి వేళ్ళు బిగిస్తూ పిండినట్టే కదా అన్నది పద్మమ్మ. అన్నిటికన్నా కింద, అన్నం గొట్టం మూతి దగ్గర ఒక కండ ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. మిగతావన్నీ పనిపడ్డప్పుడు బిగిసేవి, ఇది మాత్రం ఎప్పుడూ బిగిసి ఉండి, పనిపడ్డప్పుడే సడలేది. సంచి మూతికి కట్టిన నాడా లాంటిది. జహేదాకు ఉట్టి సరిగా లేవడం లేదు, గిన్నెలు కుడి పక్క బిగియడం లేదు, నాడా సడలడం లేదు.

నాలుగు రోజుల్లో గల్లీలో అందరికీ ఆ గొంతు సంగతి పద్మమ్మే చెప్పేసింది. ఎక్కడ ఏ కండ ఉందో వేలుపెట్టి మరీ చూపేది. కిరాణా కొట్టు కుర్మయ్య తన గొంతు సవరించుకుని తడుముకున్నాడు కూడా. రెండో తరగతి చదువుకు అంత తెలివి చాలా ఎక్కువని ఎవరైనా అంటే, తొమ్మిదో తరగతి తప్పిన నీకన్నా నయమే అనేది.

ఆ తెలివే కొంప ముంచబోయింది.

ఒక వారం నవ్యశ్రీ రాలేకపోయింది. పద్మమ్మకు ఫోన్ చేసింది. అప్పుడు జహేదా ఇంట్లో కొడుకూ కోడలూ లేరు. పద్మమ్మ రోడ్డు పక్కన నిలబడి ఉంది, కంకర లారీలు పోతున్నాయి.

“పెద్దమ్మగారూ, జహేదాగారి చేత ఖాళీ గుటక వేయించండి. పూటకు పది, రోజుకు ముప్పై,” అన్నది ఆ పిల్ల.

“ఖాలీ గట్కనేనా బిడ్డా? ఏం కలపొద్దా?”

“ఏమీ వద్దండీ. నీళ్ళు కూడా వద్దు. ఖాళీగానే.”

ఆ పిల్ల చెప్పింది గుటక. నోట్లో ఏమీ లేకుండా, ఊరికే గొంతు కదిలించి మింగడం. పద్మమ్మకు వినబడింది గట్క. జొన్నరవ్వ చిక్కగా ఉడికించి చేసే గట్క, చిన్ననాడు రోజూ తిన్నదే. ఇక ఖాళీ అంటే ఆ పిల్ల ఊరివైపు ఏమీ లేకపోవడం. ఈ దిక్కున ఖాలీ అన్నం అంటే కూర లేకుండా అన్నం ఒక్కటే అని. కాబట్టి ఖాలీ గట్క అంటే చారు పోయకుండా, మజ్జిగ కలపకుండా, గట్క ఒక్కటే, పూటకు పది చెంచాలు పెట్టమని. అంతా సరిగ్గా అతికింది. అతకకపోయి ఉంటే ఇంకోసారి అడిగేదేమో. ఒకసారి విన్నది రెండోసారి అడగడం పద్మమ్మకు చిన్నతనం.

చిక్కగా గట్క వండి, చల్లార్చి, మధ్యాహ్నం గిన్నె గోడ దాటించి, వెనకే తానూ పోయింది. జహేదా గిన్నెకేసీ ఆమెకేసీ చూసింది. ఆ నవ్యశ్రీ బేటీయే పెట్టమన్నదా అని అడిగింది. నా మీద నమ్మకం లేదా అన్నది పద్మమ్మ. మూడు నెలల తరువాత నోట్లోకి వచ్చిన తిండి అది. జహేదా కళ్ళు మూసుకుని చాలాసేపు నాలుక మీదే ఉంచుకుంది. ఇంతలో కుడిపక్క గడప దగ్గర ఎవరిదో మేక దూరి జొన్నల బస్తాను నాకుతుంటే, అదిలించబోయి జహేదా తల అటు తిప్పింది. ఆ తిప్పడంలోనే ముద్ద గుటుక్కున దిగింది. గొంతు మీది బుడిపె పైకి లేచి కిందికి దిగడం పద్మమ్మ చూసింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండో చెంచా పెట్టాక పద్మమ్మ ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో. సంతోషం పట్టలేక, “దినాం ముప్పై గట్కలు తింటే యజ్ఞనారాయణ సార్ లెక్క బొర్ర వస్తది నీకు,” అన్నది. జహేదాకు నవ్వొచ్చింది. నవ్వితే తలుపులు తెరుచుకున్నాయి. ముద్ద పోవలసిన దారి వదిలి గాలి దారిలో పడింది. మొహం నల్లబడింది, ఊపిరి అందలేదు, పద్మమ్మ ముందుకు వంచి వీపు మీద చరిచింది. దగ్గు వచ్చింది, దగ్గుతోపాటు గట్క వచ్చింది. అంతా కలిపి ఎంతసేపో కాదు. పద్మమ్మకు మాత్రం ఆ రోజు ఎంతకీ పొద్దుగూకలేదు.

మర్నాడు జ్వరం. ఆస్పత్రిలో ఛాతీ చూసి, ఈసారికి బయటపడ్డదన్నారు. ఇంకోసారి తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికి ముప్పన్నారు. ఆరు వారాల తరువాత మింగుతుండగా ఎక్స్‌రే తీసి చూస్తారట. అప్పటికీ దారి తప్పుతుంటే ముక్కు గొట్టం తీసేసి, పొట్టకు చిల్లుచేసి నేరుగా కడుపులోకే గొట్టం వేస్తారట. అది ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు.

ఆ మాట విన్న జహేదా ఏడవలేదు. తన చేతి రొట్టె తనకు దక్కదా అని మాత్రం అడిగింది. డాక్టరు ఆరు వారాలు చూద్దామమ్మా అన్నాడు.

నవ్యశ్రీ పరుగున వచ్చింది. పద్మమ్మ గోడ అవతలే నిలబడింది, ఇవతలికి రాలేదు. సంగతంతా విన్నాక ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

“గుటక అన్నానండీ పెద్దమ్మగారూ. గట్క అంటే ఏంటో కూడా నాకు తెలీదు.”

“నయం, అమ్మీ విన్నది గట్క,” అన్నాడు పక్కనున్న మునావర్, పద్మమ్మను చూపిస్తూ. “నేను వింటే గుట్కా అనుకునేటోన్ని.”

అతను పద్మమ్మను కూడా అమ్మీ అనే పిలుస్తాడు. జహేదా ముక్కు గొట్టాన్ని వేలితో పట్టుకుని, శబ్దం లేకుండా భుజాలు కదిలేలా నవ్వింది. పద్మమ్మకు నవ్వు రాలేదు. ఆ పిల్ల నాలుక తిరగదు గాని నా చెవులకేమీ కాలేదని గొణిగింది. గొణిగినా ఆ మాటలో రోజూ ఉండే పదును లేదు.

నవ్యశ్రీ తిట్టలేదు. ఒకటే సంగతి మళ్ళీ మళ్ళీ అడిగింది. మొదటి చెంచా దిగిందన్నారే, అప్పుడు జహేదాగారి తల ఎటుంది అని. ఎవరు ఎటు చూశారో, ఏ క్షణాన ఏమైందో పద్మమ్మ ఎన్నడూ మరిచిపోదు. మేక వచ్చిన గడప కుడిపక్క. తల పూర్తిగా కుడికి తిరిగింది, గడ్డం భుజం మీదికి వచ్చింది. రెండో చెంచాకు తల నిటారుగా ఉంది.

ఆ పిల్ల బొమ్మ తీసి చూపించింది. పని చేయనిది కుడి పక్క. తల కుడికి తిప్పితే ఆ పక్క దారి ఒత్తుకుని మూసుకుపోతుంది, ముద్ద మంచి పక్కనుంచి పోతుంది, కింది నాడా కూడా కాస్త సడలుతుంది. ఎక్స్‌రే ముందు ఇది నేర్పాలనే అనుకున్నాననీ, మేక తనకన్నా ముందు నేర్పేసిందనీ అన్నది. ఇక నుంచి ఖాళీ గుటకలన్నీ తల కుడికి తిప్పే వేయాలి. గింజంత తిండి కూడా నోట్లోకి పోకూడదు. జహేదా గుటక వేసేటప్పుడు ఆ గదిలో ఎవరూ నోరెత్తకూడదు. చివరి మాట అంటున్నప్పుడు ఆ పిల్ల ఎవరి వంకా చూడలేదు. అందరూ పద్మమ్మ వంకే చూశారు.

మర్నాటి పొద్దున పద్మమ్మ తన పీట తెచ్చి జహేదాకు కుడిపక్కన వేసుకుంది. ఇరవై ఏళ్ళుగా పొయ్యి దగ్గరైనా, ఇంట్లోనైనా ఆమె కూర్చునేది ఎడమపక్క. గోడకేసి చూస్తూ మింగడానికి మనిషికి ఎలా మనసొస్తుంది, చూడడానికి ఒక మొహం ఉండాలి కదా అనుకుంది. ముప్పై చింతగింజలు చాటలో పోసి పెట్టుకుంది. ఒక్క గుటకకు ఒక్క గింజ పక్కకు జరపడం. జహేదా తల తిప్పి, ఆమె కళ్ళలోకి చూస్తూ, గొంతు బిగించి మింగేది. బుడిపె పైకి లేచాక అక్కడే పట్టి ఉంచాలి, రెండు అంకెలు లెక్కపెట్టేదాకా. మొదట్లో అది ఉత్తుత్తినే వణికేది, లేచేది కాదు. పద్మమ్మ తన గొంతు కూడా కలిపి మింగేది. నోరు మూసుకుని.

రోజుకు మూడు పూటలు మాట లేకుండా కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో గల్లీకంతా తెలుసు. ఎదురింటి శృతి బిందె దొర్లించినా, ఆరవేసిన మిరపకాయల మీద కోడి తిరిగినా, కళ్ళతోనే కేకలేసేది. ఒకసారి కుర్మయ్య గడపలో నిలబడి, పద్మమ్మ మూగనోము పట్టిందా అని అన్నాడు. ఆమె కదలలేదు. పదో గింజ జరిపి, లేచి బయటికి పోయి, గల్లీ మొదట అతన్ని పట్టుకుని బాకీ తీర్చుకుని వచ్చింది.

గుటకలయ్యాక జహేదా మంచం మీద వెల్లకిలా పడుకుని, భుజాలు లేపకుండా తల మాత్రం ఎత్తి తన కాలివేళ్ళు చూసుకోవాలి. ఉట్టి తాళ్ళకు బలం రావడానికట. ఏం కనబడుతోందే అని పద్మమ్మ అడిగేది. అప్పుడు మాట్లాడవచ్చు కనుక. నీ పీట కనబడుతోంది, నువ్వు కనబడుతున్నావు అనేది జహేదా. నాలుగో వారానికి ఆ గొంతులో బొంగురు కాస్త తగ్గింది. ఉమ్మి గ్లాసు పొద్దుటి పూట ఖాళీగానే ఉండసాగింది. ఈ ఖాళీని చూసి మాత్రం పద్మమ్మ మనసు నిండింది.

ఎక్స్‌రే నాడు నవ్యశ్రీ కూడా వచ్చింది. సున్నంలాంటి తెల్లటి చిక్కటి మందు చెంచాతో ఇచ్చారు. అద్దం అవతలినుంచి చూసే గదిలోకి ఎవరినీ రానీయరు. పద్మమ్మ వదిలితే కదా. జహేదా తల కుడికి తిప్పి చూడడానికి తాను అక్కడ ఉండాలని పట్టుబట్టింది. కుదరదన్నారు. చివరికి కుడిపక్క గోడకు, జహేదా కళ్ళకు ఎదురుగా ఉన్న అద్దం కిటికీ అవతల నిలబడనిచ్చారు. అద్దంలోంచి పద్మమ్మ రెండు పెదవులూ వేళ్ళతో పట్టి మూసుకుని చూపింది. జహేదా మింగింది. ఆ తెల్లటి మందు తెర మీద నల్లటి చారై నాలుక మీంచి జారి, మూడు గిన్నెలూ దాటి, నాడా దగ్గర ఒక్క క్షణం ఆగి, దిగిపోయింది. గాలి గొట్టం వైపు చుక్క కూడా పోలేదు. నిటారుగా ఉండి మింగితే ఇంకా కొంచెం మిగులుతోందన్నారు. తల తిప్పితే మిగలడం లేదు.

పొట్టకు గొట్టం అక్కరలేదన్నారు. ముక్కు గొట్టం రెండు వారాల తరువాత తీసేశారు. తీసినచోట చెంప మీద పట్టీ ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది.

తిండి మెల్లమెల్లగా వచ్చింది. ముందు జల్లించిన పిండితో చేసిన జావ, చెంచా నిలబెడితే నిలిచేంత చిక్కగా. అప్పుడు పద్మమ్మకు ఇంకో ఆశ్చర్యం. గట్టిది కష్టం, నీళ్ళు సులువు అనుకుంది ఇన్నాళ్ళూ. నీళ్ళే ప్రమాదమట. నీళ్ళు ఆగవు, తలుపు పడేలోపలే గాలి దారిలోకి జారిపోతాయి. ముద్ద ఒద్దికగా వస్తుంది, నీళ్ళు తోసుకుని వస్తాయి. అందుకని నీళ్ళు అన్నిటికన్నా చివర. తరువాత మెత్తటి అన్నం. తరువాత పప్పులో నానబెట్టిన రొట్టె. ఇక దసరా దాటాక ఒకనాడు నవ్యశ్రీ, రేపు మీ పెంక మీది రొట్టె తినండి, చిన్న ముక్క, మధ్యభాగం, పప్పు అద్దుకుని, తొందర లేకుండా అన్నది. తొక్కు మాత్రం ఇప్పుడే వద్దండీ అన్నది. ఆ మాటకు పద్మమ్మ మొహం మాడింది గాని నోరెత్తలేదు.

ఆ మరునాటి పొద్దున పొయ్యి దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. జహేదా పెంక ముందు, పద్మమ్మ ఆమెకు కుడిపక్క. మొదటి రొట్టె ఎవరికీ అమ్మలేదు. జహేదా మధ్యలోంచి వేలెడంత ముక్క తుంచి, పప్పులో ముంచి, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలలయింది పెంక మీది వేడి రొట్టె రుచి నాలుక మీదికి వచ్చి. ఎదురుగా నలుగురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆమె నముల్తూ ఉంది.

సరిగ్గా అప్పుడే యజ్ఞనారాయణ వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది. జహేదా ఆరోగ్యం మామూలుగానే అడిగి, నోట్లో ముద్ద చూసి నవ్వాడు. అప్పుడు నా నోట్లో రొట్టె పెట్టి గెలిచారు, ఇప్పుడు మీ నోట్లో ఉంది, నా మాట వినాల్సిందే అన్నాడు. కాలనీ సంఘం మళ్ళీ కూర్చుందట. గేటు పక్కన పూలమొక్కలు వేస్తారట. పొయ్యి ఇంకో ఇరవై అడుగులు అవతలికి, మలుపు దగ్గరికి జరగాలట. అక్కడ బస్సు ఆగదు, మనిషి ఆగడు. ఆయన మెత్తగా, ఒకటొకటే, వేళ్ళు మడిచి చెప్పుకుపోతున్నాడు.

పద్మమ్మ లోపల సలసల మరుగుతోంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటలు పది ఉన్నాయి. కానీ జహేదా ఇంకా మింగలేదు. ఆమె నోట్లో ముద్ద ఉన్నంతసేపు తన నోరు లేవకూడదు. ఆ నియమం ఎవరు పెట్టినా, పట్టింది మాత్రం తాను. పీట అంచు పట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

జహేదా తొందరపడలేదు. ఆయన వంక చూడను కూడా లేదు. గడ్డం కాస్త దించి, తల కుడికి తిప్పి, పద్మమ్మ కళ్ళలోకి చూస్తూ మింగింది. బుడిపె లేచింది, ఆగింది, దిగింది. ఒకసారి ఖాళీ గుటక వేసింది, మిగిలింది పోవడానికి. చిన్నగా దగ్గి చూసుకుంది. దగ్గు పొడిగా వచ్చింది. దిగిపోయింది, మొత్తం. పద్మమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

రొట్టె ఇంకా ముప్పావు వంతు ఉంది. ఒక్క ముక్కకే ఇంతసేపు పడితే, రొట్టె మొత్తానికి ఎంతసేపు పడుతుందో జహేదాకు తెలుసు. అంతసేపూ తనకు మాట ఉండదనీ తెలుసు. రొట్టె పక్కన పెట్టేసి కొట్లాటకు దిగవచ్చు. ఆమె రొట్టె పక్కన పెట్టలేదు. ఇంకో ముక్క తుంచి పప్పులో ముంచి, నోటి దాకా తెచ్చి ఆపింది. ఇంకా కాస్త బొంగురున్న గొంతుతో పద్మమ్మతో అన్నది.

“గీ రొట్టె నేను పూరా తింట అక్కా. అయ్యేదాంక నా తరఫున నువ్వు కొట్లాడు. గని నన్ను నవ్వియ్యకు.”